దెయ్యాలతో నా కాలక్షేపం

కొందరికి పట్టుచీరలంటే పిచ్చి, కొందరికి పెరట్లో మొక్కలంటే పిచ్చి. నాకు వీడియో గేములంటే పిచ్చి. అందులోనూ దెయ్యాల గేములంటే మరీను! ఈ మాట ఏ పేరంటంలోనో చెప్పి చూడండి. "మీ అబ్బాయి ఆడతాడా?" అని అడుగుతారు. నాకు అబ్బాయి లేడు. "అయితే మీవారా?" అంటారు. మావారికి సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకోవడమే పెద్ద విద్య. ఆడేది నేనేనండీ అంటే నా వంకోసారి, నా నెరిసిన పాపిట వంకోసారి చూసి, "ఈసారి ఆవకాయ ఎన్ని కాయలు పెట్టారు?" అని మాట మార్చేస్తారు.

నలభై అయిదేళ్లు దాటిన ఇల్లాలు అర్ధరాత్రి హాల్లో దీపాలార్పుకుని టీవీలో శవాలతో పోట్లాడుతోందంటే వినేవాళ్లకి వింతే మరి. నాకు మాత్రం ఇది పన్నెండో ఏట పట్టుకున్న అలవాటు.

మొదటి పెట్టె నాది కాదు లెండి. 1991లో మా మేనమామ మద్రాసు బర్మా బజారులో కొని, మా తమ్ముడి కోసమని రాజమండ్రి తెచ్చాడు. నాకు అద్దాలు కుట్టిన చేతిసంచీ తెచ్చాడు. సంచీ నెలలో చిరిగిపోయింది. టీవీ గేము ఎనిమిదేళ్లు పనిచేసింది, అందులో ఆరేళ్లు నా చేతుల్లోనే. క్యాసెట్టు అట్ట మీద 9999 ఆటలని గొప్పగా అచ్చేశారు. తీరా చూస్తే ఉన్నవి పదో పన్నెండో, మిగతావన్నీ అవే ఆటలు వేరే అంకెలతో. ఆట ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. చివరి కోట దాకా వెళ్లాక కరెంటు పోయిందంటే మళ్లీ మొదటికే. ఆ రోజుల్లో కరెంటు ఎలా పోయేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ పది ఆటల్లో నాకు ప్రాణం పాక్‌మాన్. పసుపుపచ్చ గుండ్రటి నోరు ఒకటి చుక్కల్ని తినుకుంటూ పోతుంటే, నాలుగు రంగుల దెయ్యాలు నాలుగు వెంటపడతాయి. దీన్ని 1980లో జపాన్‌లో నామ్కో కంపెనీ ఉద్యోగి తోరు ఇవతాని తయారుచేశాడు. అప్పట్లో ఆటలంటే అంతరిక్షంలో కాల్పులు, ఆటల దుకాణాల నిండా మగపిల్లలు. ఆడపిల్లలు కూడా రావాలంటే ఏం చెయ్యాలని ఆలోచించి, ఆడవాళ్లకి తినడమంటే ఇష్టం కదా అని తిండి చుట్టూ ఆట అల్లాడట. ఆ మాట మీద నాకు కాస్త కోపమే. అయినా క్షమించేశాను. ఎందుకంటే మూలనున్న పెద్ద చుక్క మింగగానే అంతవరకూ తరిమిన దెయ్యాలు నీలంగా మారి పారిపోతాయి, అప్పుడు వాటిని మనమే తరిమి తరిమి తినొచ్చు. చుక్కల కంటే దెయ్యాలే రుచిగా ఉండేవి నాకు.

మారియో ఆటలో దెయ్యం కథ ఇంకా బావుంటుంది. సూపర్ మారియో బ్రదర్స్ 3, 1988లో వచ్చింది. అందులో 'బూ' అని తెల్లగా, గుండ్రంగా ఒక దెయ్యం ఉంటుంది. మనం దానివైపు చూస్తే చేతులతో మొహం కప్పుకుంటుంది. వెనక్కి తిరిగామా, నోరు తెరుచుకుని మీదికొచ్చేస్తుంది. ఆ ఆట తయారుచేసిన వాళ్లలో తకాషి తెజుకా ఒకరు. ఆయన భార్య మామూలుగా పల్లెత్తు మాట అనదట. భర్త ఎంతసేపూ ఆఫీసులోనే ఉండిపోతుంటే సహించి సహించి, ఒకరోజు ఒక్కసారిగా విరుచుకుపడిందట. ఆ సంఘటనలోంచే ఆ దెయ్యం పుట్టిందని మారియోని సృష్టించిన మియామోతో చెప్పారు. మావారికి ఈ సంగతి చెబితే నవ్వలేదు సరికదా, ఆ వారమంతా పెందలాడే ఇంటికొచ్చారు.

దెయ్యాలంటే ఇంత ఇష్టం నీకెలా పుట్టిందే అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. పుట్టకుండా ఎలా ఉంటుంది? మమ్మల్ని పెంచిందే దెయ్యాలతో! సందెవేళ జుట్టు విరబోసుకోకు, చింతచెట్టు కిందికి వెళ్లకు, మిట్టమధ్యాహ్నం ఒంటరిగా రేవుకి పోకు, రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలక్కు... మా తమ్ముడికి ఇవేవీ లేవు. వాడు అదే చింతచెట్టెక్కి కాయలు కోసేవాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాణ్ణి పట్టని దెయ్యం నన్నే ఎందుకు పడుతుందో అప్పట్లో అర్థమయ్యేది కాదు. పెద్దయ్యాక తెలిసింది, ఆడపిల్ల గడప దాటకుండా పెట్టిన కాపలా దెయ్యాలవి అని.

తొంభైలలో మన ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు, గుర్తుందా? రాత్రిళ్లు తలుపు తట్టే దెయ్యం కూడా ఆడదేనన్నమాట. పాపం, దాన్ని లోపలికి రమ్మన్న వాళ్లు లేరు, ఏం కావాలమ్మా అని అడిగిన వాళ్లు లేరు, రోజూ రేపు రమ్మని తిప్పి పంపడమే. పదమూడేళ్ల వయసులో మా సందులో ఆ రాత చూసి, ఒక్కసారి తలుపు తీసి చూస్తే బావుణ్ణనుకున్నాను. అమ్మ దగ్గర అనలేదు లెండి!

ఆ తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' దుప్పటి కింద టార్చిలైటు వేసుకుని చదివాను. 1992లో రాంగోపాల్ వర్మ 'రాత్రి' వస్తే రేవతి కళ్లు చూసి వారం రోజులు అమ్మ పక్కనే పడుకున్నాను. 1993లో జీ టీవీలో హారర్ షో మొదలైంది. అన్నీ ఇష్టమే. కానీ సినిమాలో ఒక చిక్కుంది. హీరోయిన్ కొవ్వొత్తి పట్టుకుని ఆ గదిలోకి వెళ్తుంటే మనం 'వెళ్లకే తల్లీ' అనుకుంటూ కూర్చోవాలి, ఆమె వెళ్లనే వెళ్తుంది. గేములో అలా కుదరదు. తలుపు ముందు ఆ అమ్మాయి నిలబడే ఉంటుంది. నేను మీట నొక్కితేనే తలుపు తీస్తుంది. నేను భయపడి గంటసేపు నొక్కకపోతే గంటసేపూ అక్కడే నిలబడుతుంది. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన భయం 'వెళ్లకు' అనేది. భయం వేస్తూనే ఉన్నా వెళ్లొచ్చని నాకు నేర్పింది ఈ ఆటలే.

2002లో మా తమ్ముడు అమెరికా ఉద్యోగానికి వెళ్తూ తన ప్లేస్టేషన్‌ని, అట్టపెట్టెడు డిస్కుల్ని నాకిచ్చేశాడు. అప్పటికి నాకు పెళ్లయి విజయవాడ కాపురానికొచ్చి రెండేళ్లు, పాపకి ఏడాది. ఆ పెట్టెలో పైనే ఉంది రెసిడెంట్ ఈవిల్. 1996లో జపాన్ వాళ్ల క్యాప్‌కామ్ కంపెనీ తెచ్చిన ఆట. అడవిలో పాత బంగళా, లోపల చచ్చి లేచి తిరిగే మనుషులు. జిల్ వాలెంటైన్ అనే పోలీసు అమ్మాయిగా నేను ఆడాను. మగవాడైన క్రిస్‌గానూ ఆడొచ్చు గానీ అతను ఆరు వస్తువులే మొయ్యగలడు, జిల్ ఎనిమిది మోస్తుంది. తుపాకీ, గుళ్లు, తాళంచెవులు, మందులు అన్నీ ఆ ఎనిమిదింట్లోనే సర్దుకోవాలి.

మీరు నమ్మండి, ఈ ఆట ఆడటానికి కావలసిన తెలివితేటలన్నీ నెలాఖరు సంసారంలో ఉన్నవే. గుళ్లు తక్కువ, శవాలెక్కువ. ఎదురొచ్చిన ప్రతిదాన్నీ కాల్చేస్తే తర్వాత వట్టి చేతులే. దేన్ని కాల్చాలి, దేన్ని తప్పించుకుని పక్కనుంచి జారుకోవాలి అని లెక్క వేసుకోవాలి. ఆట ఆపిన చోటు నమోదు చేసుకోవాలంటే టైపురైటరు దొరకాలి, దానికి ఇంకు రిబ్బను కావాలి, ఆ రిబ్బన్లూ లెక్కే. గాయాలకి మూలికలున్నాయి. పచ్చ మూలిక ఒక్కటే అయితే కొంచెం గుణం. ఎర్రది ఒట్టిది ఎందుకూ పనికిరాదు. రెండూ కలిపితే పూర్తిగా కోలుకుంటారు. శొంఠి, మిరియాలు పాళ్లు చూసి కషాయం కాచిన చేతికి ఇదేమంత కష్టం? మా తమ్ముడు ఫోన్లో "అక్కా, అంత తొందరగా ఎలా పూర్తిచేశావు?" అని ఆశ్చర్యపోయాడు. ఏడాదిగా మావారి జీతంతో సాధన చేశాను నాయనా అన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ అట్టపెట్టెలోనే సైలెంట్ హిల్ ఉంది. 1999లో కొనామి కంపెనీ తెచ్చింది. హారీ అనే తండ్రి ఏడేళ్ల కూతురు షెరిల్‌ని తీసుకుని కారులో వెళ్తుంటే ప్రమాదం జరుగుతుంది. కళ్లు తెరిచేసరికి పక్కసీటులో పాప లేదు. ఊరంతా పొగమంచు. నాలుగడుగుల అవతల ఏముందో కనపడదు. ఆ మంచు వెనక రహస్యం తర్వాతెప్పుడో తెలిసింది నాకు. అంత ఊరినీ ఒకేసారి దూరం దాకా చూపించే శక్తి అప్పటి ప్లేస్టేషన్‌కి లేదు. అందుకని మంచు కప్పేశారు. లేమిని కప్పిపుచ్చడానికి వేసిన ముసుగే ఆ ఆటకి అందమైంది. హారీ దగ్గర ఒక చిన్న రేడియో ఉంటుంది. ఏదైనా దుష్టజీవి దగ్గరికొస్తే అది గరగరమంటుంది. కంటికి కనపడకముందే చెవికి తెలుస్తుంది. ఆ గరగర వింటే ఇప్పటికీ నా వీపు మీద చీమలు పాకుతాయి.

మావారిది క్యాంపులకి తిరిగే ఉద్యోగం. పాప నిద్రపోయాక, గిన్నెలు తోమేశాక, పదిన్నరకి ఆడటం మొదలుపెట్టేదాన్ని. మా అత్తగారికి నిద్ర తక్కువ. ఒక రాత్రి మంచినీళ్లకి లేచి వచ్చి, సోఫా వెనకే నిలబడిపోయారు. నాకు గుండె ఆగినంత పనైంది. టీవీలో దెయ్యానికి కాదు, వెనక ఆవిణ్ణి చూసి!

"ఎవరమ్మాయ్ అతను? ఒక్కడే తిరుగుతున్నాడు?" అన్నారు.

"కూతురు తప్పిపోయిందత్తయ్యా. వెతుక్కుంటున్నాడు."

ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. మర్నాడు మధ్యాహ్నం బియ్యం ఏరుతూ, "దొరికిందా ఆ పిల్ల?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. "నేను పడుకున్నాక ఆడేశావేమోనని" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడకది టీవీ సీరియల్ అయిపోయింది. ఆవిడ లేకుండా ఆడటానికి వీల్లేదు. పదిన్నరయ్యేసరికి కళ్లజోడు తుడుచుకుని, శాలువా కప్పుకుని వచ్చేసేవారు.

ఆవిడ వ్యాఖ్యానాలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. ఆసుపత్రిలో వంకర నడకల నర్సులు కత్తులతో వస్తుంటే, "ఇదేం ఆసుపత్రే, పెద్ద డాక్టరుకి చెప్పండర్రా" అనేవారు. స్కూలు పిల్లల్లాంటి పొట్టి దెయ్యాల్ని కొడుతుంటే మాత్రం మొహం తిప్పుకునేవారు. ఆ ఆసుపత్రి వంటగదిలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా ఉంటుంది. నేను దాన్ని దాటి వెళ్తుంటే, "ఆగు ఆగు, సీసా తీసుకో. ఖాళీ సీసా ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు. హార్లిక్సు సీసా ఒక్కటి పారేయని మనిషి! తీసుకున్నాను. కాస్సేపటికి ఇంకో గదిలో నేల మీద ఏదో ఎర్రటి మందు ఒలికి ఉంది. "అందులో పట్టు" అన్నారు. పట్టాను. చాలా దూరం వెళ్లాక, రంగులరాట్నం దగ్గర సిబిల్ అనే పోలీసమ్మాయికి పిశాచం పట్టి హారీ మీదికే తుపాకీ ఎత్తుతుంది. ఆమెను చంపకుండా కాపాడాలంటే ఆ ఎర్ర మందు ఒక్కటే దారి. సీసా లేకపోతే ఆమె ప్రాణం పోయేదే. ఆ రాత్రి మా అత్తగారి ముఖంలో వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రే అనుకుంటాను, ఆట కాసేపు ఆపమన్నారు. టీవీలో మంచు అలాగే ఉంది. "మా బుజ్జి తప్పిపోలేదమ్మాయ్. నా ఒళ్లోనే పోయింది. అయినా నాకెప్పుడూ ఎక్కడో తిరుగుతున్నట్టే ఉంటుంది, నేనే సరిగ్గా వెతకనట్టు" అన్నారు.

మావారికి ఒక అక్క ఉండేదని అప్పటిదాకా నాకు తెలీదు. ఆ ఇంట్లో ఫోటో లేదు, మాట లేదు. జ్వరమొచ్చి మూడో రోజుకి పోయిందట. అప్పుడు ఆ పిల్లకి ఏడేళ్లు, మావారికి రెండు. మా మామగారు ఇంట్లో ఆ పేరెత్తవద్దన్నారట. ముప్పై ఏళ్లు ఎత్తలేదు ఈవిడ. నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. ఏమీ మాట్లాడలేదేమో. కాసేపటికి ఆవిడే "ఊఁ, పోనీయ్, అతను మంచులో నిలబడిపోయాడు" అన్నారు.

నాకు భయం పట్టుకుంది. దెయ్యాల భయం కాదు. ఈ ఆటకి అయిదు ముగింపులున్నాయని తమ్ముడు చెప్పాడు. దారిలో ఎవరిని కాపాడాం, ఏం చేశాం అన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. కొన్నింట్లో ఆ తండ్రికి ఏమీ మిగలదు. ఆవిడ ముందు అలాంటిది వస్తే? తమ్ముడికి ఫోన్ చేసి, ఐ.ఎస్.డి. బిల్లు సంగతి మర్చిపోయి, ఎక్కడెక్కడ ఏం చెయ్యాలో పాలపద్దు పుస్తకం వెనక రాసుకున్నాను.

చివరికి వచ్చిన రాత్రి ఒంటిగంట దాటింది. షెరిల్ వెళ్లినట్టుగా తిరిగి రాదు. ఆ కథ అలా లేదు. ఆ మంటల్లో ఒక పసికందుని హారీ చేతుల్లో పెడతారు. దాన్ని గుండెకి హత్తుకుని, ఆ పోలీసమ్మాయితో కలిసి పరుగెత్తి బయటపడతాడు. మా అత్తగారు పేర్లు పడేదాకా కదల్లేదు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, ఆ వేళప్పుడు ఇద్దరికీ కాఫీ కలిపి తెచ్చారు. "చంటిపిల్లతో ఒక్కడూ ఏం అవస్థ పడతాడో" అన్నారు. అంతే.

ఓ వారం తర్వాత అనుకుంటా, అన్నాల దగ్గర బెండకాయ వేపుడు వడ్డిస్తూ, "మా బుజ్జి దీన్ని ముట్టుకునేది కాదు, జిగురంటే అసహ్యం" అన్నారు మామూలుగా. మావారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. తన అక్క ఏం తినేదో, ఏం తినదో ఆయన వినడం అదే మొదలు. మా మామగారు తలెత్తలేదు. కానీ వద్దని కూడా అనలేదు. ఆ తర్వాత బుజ్జి మాట ఇంట్లో అప్పుడప్పుడు వస్తూనే ఉండేది. మా అత్తగారు 2011లో పోయారు. ఆ ఆట నమోదైన మెమరీ కార్డు, బొటనవేలంత ఉంటుంది, నా బీరువాలో మంగళసూత్రం పెట్టెలో ఉంది.

మనిషి కావాలని భయపడటం గురించి శాస్త్రవేత్తలు కూడా పట్టించుకున్నారు. కోవిడ్ మొదటి నెలల్లో జనాన్ని ప్రశ్నించి, భయానక సినిమాలు ఇష్టపడేవాళ్లు మిగతావాళ్లకంటే తక్కువ మానసిక బాధ పడ్డారని 2021లో ఒక అధ్యయనం వెలువడింది. అమెరికా పరిశోధకుడు కోల్టన్ స్క్రివ్‌నర్, డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయానికి చెందిన మథియాస్ క్లాసెన్ తదితరులు చేశారు. ముందే సాధన చేసిన భయం కాబట్టి తట్టుకున్నారేమోనని వాళ్ల ఊహ. ఏమో! నేనైతే ఆ రోజుల్లో అందరిలాగే పాలప్యాకెట్లు సబ్బునీళ్లలో కడిగాను.

మీలో ఎవరికైనా సరదా పుడితే ఒక మాట. పిల్లల ముందు ఇవి ఆడకండి. ఈ ఆటల పెట్టెల మీద 17 అనో 18 అనో వయసు వేసి ఉంటుంది, ఊరికే వెయ్యలేదు. మా అమ్మాయికి పద్దెనిమిది నిండేదాకా నేనూ ముట్టుకోనివ్వలేదు. మొదట్లో లైటు వేసుకునే ఆడండి. పాక్‌మాన్‌తో మొదలుపెట్టినా పరువు తక్కువేం కాదు. చేతులు వణికితే ఆపేసి మజ్జిగ తాగండి. ఆట ఎక్కడికీ పోదు.

ఇప్పుడు మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. తన జీతంతో కొత్త ప్లేస్టేషన్ కొనిచ్చింది. అందులో సైలెంట్ హిల్ ఎఫ్ ఆడుతున్నాను. 2025 సెప్టెంబరులో వచ్చింది. ఈసారి 1960ల నాటి జపాన్ పల్లెటూరు. స్కూలు యూనిఫారంలో హినాకో అనే పిల్ల చేతిలో ఇనప గొట్టం పట్టుకుని మంచులో తిరుగుతుంది. ఇంట్లో తండ్రి అరుపులు, పెళ్లి మాటలు, ఆడపిల్లంటే ఇలా ఉండాలనే పెద్దల పాఠాలు... దెయ్యాలు లేనప్పుడే నాకెక్కువ ఒళ్లు జలదరిస్తోంది. పది రోజులుగా ఒకచోట ఇరుక్కుపోయాను. "దారి చెప్పనా అమ్మా?" అని మా అమ్మాయి ఫోన్లో ఒకటే గొడవ. వద్దన్నాను. రాత్రికి పెసరట్ల పప్పు నానబోసి, వంటిల్లు సర్దేసి, మళ్లీ చూస్తాను.